ఇడ్లీ బండి ముందు ఆమరణ దీక్ష

నాకు కోపం వస్తే అందరిలా అరవను, అర్జీ రాస్తాను. అరిస్తే గొంతు నొప్పి తప్ప ఏముంది? అర్జీ అయితే ఫైల్లో కూర్చుంటుంది. నా పేరు ఆదిబాబు. విజయనగరం జిల్లా నుంచి వచ్చి జంషెడ్‌పూర్‌లో పడి ముప్పయ్యేళ్లయింది. ఒక కాంట్రాక్టు కంపెనీ స్టోర్సులో నట్లూ బోల్టులూ అందించే ఉద్యోగం. మా పేట బారిడీహ్‌లో ఎవరి కుళాయి ఆగిపోయినా, ఎవరి వీధిలైటు మాడిపోయినా హిందీలో అర్జీ రాయించుకోడానికి నా దగ్గరికే వస్తారు. బీహారువాళ్లు కూడా వస్తారు. గొప్పకి చెప్పడం లేదు, ఉన్న మాట చెబుతున్నాను.

మొన్న వానాకాలంలో నా కొత్త బూట్లు పాడయ్యాయి. మా పేటలో నాలుగు రోడ్లు కలిసే గోల్‌చక్కర్ దగ్గర ఒకాయన మేడ కడుతూ, ఇసుక తెచ్చి సరిగ్గా కాలవ మీద కుప్ప పోయించాడు. కాలవ నీళ్లు రోడ్డెక్కాయి. తొడుక్కున్న మొదటి రోజే నా బూట్లు ఆ నీళ్లలో మునిగాయి. ఇంటికెళ్లి కాళ్లు కూడా కడుక్కోకుండా పేజీన్నర అర్జీ రాశాను. ఇసుక గురించి రాశాను, కాలవ గురించి రాశాను, పౌరుల హక్కుల గురించి రాశాను. చివరికొచ్చేసరికి అర్జీ బోడిగా ఆగిపోయినట్టనిపించింది. నిండుదనం కోసం ఇంకో వాక్యం కలిపాను. రోడ్డుకి ఇరువైపులా ఉన్న సకల అడ్డంకులనూ తక్షణం తొలగించవలసిందిగా సమస్త బారిడీహ్ ప్రజల తరఫున ప్రార్థన అని. కింద నా ఒక్కడి సంతకం, పేరు, ఫోను నంబరు.

మూడు నెలలకి మున్సిపల్ ఆఫీసులో చలనం వచ్చింది. ఇసుక కుప్ప జోలికి ఎవడూ పోలేదు. నోటీసు తెచ్చి నూకమ్మ ఇడ్లీ బండికి అంటించి పోయారు. ప్రజల ఫిర్యాదు మేరకు శుక్రవారంలోగా బండి తీసేయాలట. కావాలంటే కొత్త మార్కెట్టు వెనకాల పెట్టుకోవచ్చట. ఆ కొత్త మార్కెట్టు వెనకాలకి ఆవులు తప్ప ఎవరూ వెళ్లరు.

నూకమ్మకి అరవై ఏళ్లుంటాయి. మా వైపు అక్కని అప్ప అంటాం, ఆవిణ్ణి నేను అలాగే పిలుస్తాను. గోల్‌చక్కర్ దగ్గర పంతొమ్మిదేళ్లుగా ఇడ్లీలు వేస్తోంది. ఆరు గంటల షిఫ్టుకి పోయేవాళ్లకి అయిదింటికే పొయ్యి వెలిగిస్తుంది. వెనక సందులోనే ఆవిడ ఇల్లు, ఇంట్లో పక్షవాతం వచ్చి మంచాన పడ్డ మొగుడు. ఒక వాయి ఇడ్లీ పెట్టి, అది ఉడికేలోగా పరుగున పోయి మొగుణ్ణి అటు తిప్పి పడుకోబెట్టి వస్తుంది. ఇంకో వాయికి ఇటు తిప్పి వస్తుంది. బండి అక్కణ్ణించి కదిలిందంటే రెండే దారులు, ఇడ్లీలైనా మానాలి, ఆయన్నైనా వదిలేయాలి. ఈ సంగతి నాకు బాగా తెలుసు. అర్జీ రాసేటప్పుడు తట్టలేదంతే.

నోటీసు వచ్చిన రోజు పొద్దున బండి చుట్టూ జనం. అందరి చేతుల్లో ప్లేట్లు, అందరి నోళ్లలో ఒకటే మాట, ఈ ఫిర్యాదు చేసిన దరిద్రుడెవడు? సౌరభ్ అని ఒక బెంగాలీ ఫిట్టరు ఉన్నాడు. పేటలో ఏ గొడవైనా మైకు అతని చేతిలోనే ఉంటుంది. దొరికితే వాడి మొహానికి మసి పూసి బారిడీహ్ అంతా తిప్పుతానని హిందీలో శపథం చేశాడు.

నూకమ్మ గరిటె పైకెత్తింది. "ఆడి సెయ్యి పడిపోనూ! ఆడి కలంలో సిరా ఎండిపోనూ! ఆడు తిన్న ఇడ్లీ ఆడి పొట్టలో రాయైపోనూ!"

అప్పటికి నా నోట్లో ఇడ్లీ ఉంది. మంచినీళ్లు తాగి ఎలాగో లోపలికి తోశాను. అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. అప్పా, అది నేనే, ఇసుక మీద రాశాను, నీ మీద కాదు అని రెండు ముక్కలు. కానీ గరిటె ఇంకా పైనే ఉంది. నేనేమో ఉన్నట్టుండి "నేను నిరాహార దీక్షకి కూర్చుంటాను!" అని అరిచాను.

ముందు అందరూ ప్లేట్లు కింద పెట్టారు. తరవాత చప్పట్లు. నూకమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను అనుకున్న దీక్ష వేరు. మా వైపు రిలే దీక్షలు అంటే ఎలా ఉంటాయో చిన్నప్పుడు చూశాను, ఒకసారి బస్సు డిపో కోసం కూర్చున్నాను కూడా. పదింటికి టిఫిను తిని వచ్చి దండ వేయించుకోవాలి. పేపరు చదువుకోవాలి. అయిదింటికి పెద్దమనిషి ఎవరో వచ్చి నిమ్మరసం ఇస్తారు, తాగి ఇంటికెళ్లి అన్నం తినాలి. మర్నాడు ఇంకొకడు కూర్చుంటాడు. ఈ పద్ధతంతా సౌరభ్‌కి వివరంగా చెప్పాను. "హాఁ హాఁ, సబ్ హో జాయేగా దాదా" అన్నాడు, అంతా అయిపోతుంది అన్నా అని.

మంగళవారం పొద్దున నూకమ్మ దగ్గర తొమ్మిది ఇడ్లీలు తిన్నాను. మామూలుగా నాలుగే తింటాను, ఆ రోజు సాయంత్రం దాకా ఆగాలి కదా. మా ఆవిడ ధనమ్మ సాయంత్రానికి చేపల పులుసు వండుతానంది. స్టోర్సుకి ఫోను చేసి ఒక్క రోజు సెలవు పెట్టాను. బండికి ఎదురుగా, రోడ్డుకి ఈ పక్క షామియానా వేశారు. పరుపు, దిండు, పక్కన ఒక టేబులు ఫ్యాను. చాలా హాయిగా అనిపించింది.

అప్పుడు సౌరభ్ ఫ్లెక్సీ తెచ్చి కట్టాడు. అందులో ఎర్రటి అక్షరాలు నా చెయ్యంత ఉన్నాయి. ఆమరణ్ అనశన్, అంటే ఆమరణ నిరాహార దీక్ష.

అతన్ని చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను. అదేంటయ్యా, నేను చెప్పింది రిలే కదా అన్నాను. అతను చాలా ఓపిగ్గా చెప్పాడు. రిలే దీక్షకి ఫ్లెక్సీ ఎవరూ వేయించరట. ఇది వేరే ఊళ్లో ఎవరో చావుకి తెగించి కూర్చున్నప్పుడు వాడిందట, ప్రింటింగు షాపులో ఊరికే పడి ఉందట, ఆయన ఫోటో మీద నా ఫోటో అంటించి పేరు మార్చారట. తేరిపార చూస్తే నిజమే. నా చెవి పక్కనుంచి పాతాయన మీసం ఒక కొన బయటికి పొడుచుకొచ్చి ఉంది. అయినా సాయంత్రం అయిదింటికి లేచిపోయే దీక్షకి ఆఫీసువాడు భయపడతాడా దాదా అన్నాడు సౌరభ్. నేను నోరు తెరిచేలోగా మెళ్లో దండ పడింది. యూట్యూబు చానలు కుర్రాడెవడో ఫోను నా మొహం మీద పెట్టి, ప్రాణాలైనా అర్పిస్తారా అని అడిగాడు. చుట్టూ వందమంది చూస్తున్నారు. రోడ్డు అవతల నూకమ్మ గరిటె దించి, రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది.

"అర్పిస్తాను" అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది.

తరవాత నినాదాలు. సౌరభ్ మైకులో "శికాయత్ లిఖ్‌నేవాలా" అనగానే జనం అంతా "హాయ్ హాయ్!" అన్నారు. అర్జీ రాసినవాడు నశించాలన్న మాట. దీక్షలో కూర్చున్నవాడు పిడికిలి ఎత్తకపోతే బాగుండదు కదా. నేనూ ఎత్తాను. నన్ను నేను అలా పదిహేను సార్లు హాయ్ హాయ్ అనుకున్నాను.

ఒంటిగంటకి ధనమ్మ క్యారేజీ పట్టుకుని వచ్చింది. జనం మధ్యనుంచి దారి చేసుకుని నేరుగా పరుపు మీద కూర్చుని మూత తీసింది. జీడిపప్పు వేసిన ఉప్మా. ఆ వాసనకి నా ప్రాణం లేచి వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున అరిచారు.

"ఏటి, ఎందుకలాగ అరుత్తారు?" అంది ధనమ్మ.

ఉపవాసంలో తినకూడదు కదా అని ఒక బీహారీ ముసలమ్మ హిందీలో చెప్పింది.

"అన్నం కదా తినకూడనిది! ఉప్మా తింటే ఉపవాసం పోద్దేటి? ఇరవయ్యారేళ్ల బట్టి శనివారాలు ఉంటన్నాను నాను, నాకు సెప్తారేటి?"

అది ఆమరణ దీక్ష అని ఎవరో విడమరిచి చెప్పారు. ధనమ్మ ఫ్లెక్సీ వైపు చూసింది, నా వైపు చూసింది. "ఏటండీ, సచ్చిపోతారా? మరి సేపల పులుసు?" అంది. చివరికి ఆ ఉప్మా నినాదాలు ఇచ్చి అలిసిపోయినవాళ్లకి పంచారు. మా అమ్మాయి ఉజ్వల కాలేజీనుంచి వచ్చి ఇదంతా విని, "పాపా, లోగ్ ఇస్‌కే లియే జిమ్ మే పైసా దేతే హైఁ" అని నా పొట్ట మీద తట్టి వెళ్లింది. జనం జిమ్ముకి డబ్బు పోసి చేసే పని నాకు ఉచితంగా అవుతోందని దాని సంతోషం. చేపల పులుసు తల్లీ కూతురూ తిన్నారు. బాగా కుదిరిందని మర్నాడు చెప్పారు కూడా!

రాత్రి సౌరభ్ నా పక్కనే పడుకున్నాడు. కాపలా నాకా, నేను పారిపోకుండానా అన్నది నాకు తేలలేదు.

బుధవారం పొద్దున స్టోర్సు సూపర్‌వైజరుకి ఫోను చేసి సెలవు పొడిగించమన్నాను. కారణం అడిగాడు, ఆమరణ దీక్ష అని చెప్పాను. ఎన్ని రోజులు పడుతుందన్నాడు. ఏం చెబుతాం? చూసి చెబుతానన్నాను.

ఆకలి సంగతి వినడమే గానీ అప్పటిదాకా నాకు పరిచయం లేదు. మొదట కడుపులో అరుపులు. ఆ తరవాత తలనొప్పి. ఆ తరవాత కోపం, ఎవరి మీదో తెలియని కోపం. షామియానాకి వేసిన గుండ్రటి మాసికలు కూడా ఇడ్లీల్లాగే కనిపించాయి. అన్నిటికన్నా ఘోరం ఎదురుగా బండి. గాలి అటునుంచి ఇటే. ఒక్కో వాయి మూత తీసినప్పుడల్లా ఆవిరి నా మొహానికే వచ్చి తగులుతోంది. నా ముక్కు కుక్క ముక్కయిపోయింది. కళ్లు మూసుకుని పడుకునే "నూకమ్మప్పా, పచ్చట్లో ఉప్పు తగ్గింది" అని కేక వేశాను. ఆవిడ నాలిక్కి రాసుకుని చూసి, "ఓలమ్మా, నిజిమే!" అంది. అది చూడ్డానికి ఇంకో యాభై మంది వచ్చారు.

వచ్చినవాళ్లు ఊరికే చూసి పోతారా? దీక్ష చూస్తూ ఇడ్లీలు తిన్నారు. షామియానా నీడ బాగుందని ప్లేట్లు పట్టుకుని నా పరుపు చుట్టూనే నిలబడ్డారు. ఒకడైతే నాతో సెల్ఫీ దిగుతూ, రెండు చేతులూ ఖాళీ లేవని ప్లేటు నన్ను పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. నాలుగు ఇడ్లీలు, పైన నెయ్యి కారప్పొడి. ఆ ప్లేటు తిరిగి ఇచ్చిన వాణ్ణి నేను. నా జన్మలో చేసిన త్యాగం అదొక్కటే. మధ్యాహ్నం బీపీ, బరువు చూడ్డానికి వచ్చిన డాక్టరు కిలోన్నర తగ్గావన్నాడు. వెనకాల నిలబడ్డ ఒక బొద్దాయన, తనకీ ఒక పరుపు వేస్తారా అని సౌరభ్‌ని వాకబు చేశాడు.

నూకమ్మ ఎన్నడూ లేనిది రెండింతలు పప్పు నానబోసింది. అంత పనిలోనూ మూడింటికి చేతులు తుడుచుకుని, స్టీలు గ్లాసుతో మంచినీళ్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. పక్కన చతికిలబడి నా అరికాలు నిమిరింది.

"నా కోసం ఇలగ మాడిపోతన్నావు తమ్ముడా. నా తోడబుట్టినోడు కూడా ఇలగ సెయ్యడు."

నాకు ఏడుపొచ్చింది. అది ఆకలి వల్ల అనుకుంది ఆవిడ.

"ఆ అర్జీ రాసినోడు ఇప్పుడేటి మింగుతన్నాడో ముండాకొడుకు!"

"ఏమీ తిని ఉండడప్పా" అన్నాను.

"నీది మంచి మనసు. నువ్వలాగే అంతావు."

ఇప్పుడు చెప్పేయాలి అనుకున్నాను. అప్పా, అని మొదలుపెట్టాను కూడా. అవతలనుంచి ఎవడో చట్నీ అయిపోయిందని అరిచాడు. "వత్తన్నా, వత్తన్నా, ఆగండర్రా!" అంటూ ఆవిడ మోకాళ్లు పట్టుకుని లేచి వెళ్లిపోయింది. గుటక గుటకకీ ఆగుతూ ఆ నీళ్లు తాగాను.

గురువారం పదకొండింటికి స్కూటరు మీద ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చంకలో ఫైలు. సౌరభ్ మైకు అందుకున్నాడు, జనం మూగారు. ఇన్‌స్పెక్టరు మంచివాడే, గొడవ పడే రకం కాదు. మాదేం లేదండీ, మీ పేటవాళ్లే అడిగారు, రాతపూర్వకంగా ఉంది అన్నాడు. ఫైలు తెరిచాడు. పది అడుగుల దూరంనుంచే నా అక్షరాలు నాకు కనిపించాయి. అంత చక్కటి చేతిరాత ఇంకెవడిది?

"పేరు చదవండి సార్!" అని సౌరభ్ మైకులో గర్జించాడు. "గద్దార్ కా నామ్ బతావో!" ద్రోహి పేరు చెప్పమని జనమూ అందుకున్నారు. నామ్ బతావో, నామ్ బతావో.

నేను మూర్ఛపోయాను. అంటే, మూర్ఛపోయినట్టు పడ్డాను. వేరే దారి కనబడలేదు. పొద్దున్నే వచ్చి పక్కన కూర్చున్న ధనమ్మ కెవ్వుమంది, ఎవరో చెంబుడు నీళ్లు మొహం మీద కొట్టారు, బొద్దాయన విసనకర్రతో విసిరాడు. ఈ గందరగోళంలోనైనా ఆ ఇన్‌స్పెక్టరు ఫైలు మూస్తాడేమో అనుకుంటే, మూయలేదు. ఇంతకీ పేరు కావాలి కదా మీకు అని, కళ్లజోడు సవరించుకుని మైకు దగ్గరికి వచ్చి చదివాడు. "ఆదిబాబు. స్టోర్స్ అసిస్టెంట్. సమస్త బారిడీహ్ ప్రజల తరఫున." తరవాత నా ఫోను నంబరు కూడా చదివాడు.

యూట్యూబు కుర్రాడు ఆ నంబరు నొక్కినట్టున్నాడు. నా జేబులో ఫోను మోగింది.

జనం ఫ్లెక్సీ మీద పేరు చదివారు. నన్ను చూశారు. మళ్లీ ఫ్లెక్సీ చూశారు. సౌరభ్ మైకు ఆఫ్ చేయడం కూడా మర్చిపోయి "దాదా, మీ మీద మీరే దీక్షకి కూర్చున్నారా?" అన్నాడు. ఆ మాట గోల్‌చక్కర్ నాలుగు వైపులకీ వినిపించింది. ముందు ఒకడు నవ్వాడు. తరవాత అందరూ నవ్వారు. ఆ బీహారీ ముసలమ్మ నవ్వలేక కడుపు పట్టుకుని కూలబడింది.

నూకమ్మ నవ్వలేదు. తిడుతుందని చూశాను, తిట్టలేదు. పంతొమ్మిదేళ్లలో ఆవిడ నోరు మూసుకుని ఉండగా చూడ్డం అదే మొదలు. గరిటె బండి మీద పెట్టి, సందులోకి, ఇంటివైపు నడిచి వెళ్లిపోయింది. ఆ గరిటెతో నా నెత్తి మీద ఒకటి వేసినా బాగుండేది.

నేను లేచి కూర్చుని ఇన్‌స్పెక్టర్ని కాగితం అడిగాను. అక్షరాలు కోడి గెలికినట్టు వచ్చాయి. నూకమ్మ ఇడ్లీ బండి మీద నాకు గానీ ఎవరికీ గానీ ఏ ఫిర్యాదూ లేదు, నేను రాసింది ఇసుక కుప్ప గురించి, బండి అక్కడే ఉండాలి. ఇంతే రాసి సంతకం పెట్టాను. సాబు ఏమంటారో చూడాలి, సాయంత్రంలోగా చెబుతాను అని ఇన్‌స్పెక్టరు అది ఫైల్లో పెట్టుకుని వెళ్లిపోయాడు.

పావుగంటలో జనం పలచబడ్డారు. మసి పూస్తానన్న సౌరభ్ నా మొహం ఒకసారి పరీక్షగా చూసి, ఇప్పటికే బాగా నల్లబడింది దాదా, వదిలేస్తున్నా అని ఫ్లెక్సీ చుట్టుకుని పోయాడు. మీసం కొన కూడా దాంతో పాటే పోయింది. టెంటుహౌసువాళ్లు వచ్చి షామియానా విప్పారు. ఫ్యాను తీశారు, దిండు తీశారు, చివరికి పరుపు కూడా లాగారు. నేను ఫుట్‌పాత్ అంచు మీద కూర్చున్నాను.

"ఇంక లెగండి, ఇంటికి పోదాం" అంది ధనమ్మ. "మీరు తిన్నా తినకపోయినా ఇంక ఎవుడు సూత్తాడు?"

నిజమే, ఎవరూ చూడటం లేదు. లేచి వెళ్లి అన్నం తినొచ్చు. కానీ బండి ఉంటుందో ఊడుతుందో ఇంకా తేలలేదు. తేలకుండా ఎలా తినను? "నువ్వెళ్లు" అన్నాను. ధనమ్మ వెళ్లలేదు. కొంగు నెత్తిన వేసుకుని నా పక్కనే కూర్చుంది. ఎండ మాడ్చేస్తోంది. రెండు గంటల షిఫ్టు బస్సు పోయింది, అందులోనుంచి ఎవరో "హాయ్ హాయ్" అని అరిచి నవ్వారు. నూకమ్మ తిరిగొచ్చి పొయ్యి వెలిగించింది. మా వైపు చూడలేదు. ఒక వాయి పెట్టి ఇంటికి పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. వెళ్లి వచ్చినప్పుడల్లా నేను చూస్తూనే ఉన్నాను. ఇది రేపటినుంచి ఉండకపోతే ఆ మంచం మీద మనిషిని ఎవరు తిప్పుతారు అన్న భయం తప్ప ఆకలి కూడా తెలియలేదు.

నాలుగు దాటాక స్కూటరు వచ్చింది. ఇన్‌స్పెక్టరు దిగకుండానే చెప్పాడు. ఫిర్యాదుదారుడే వద్దన్నాడు కాబట్టి నోటీసు రద్దు. బండి కాలవనుంచి రెండడుగులు వెనక్కి జరుపుకోవాలి. "మరి ఇసుక?" అన్నాను. అది వేరే ఫైలండీ, వేరే అర్జీ పెట్టుకోండి అని వెళ్లిపోయాడు.

బండి దగ్గరికి వెళ్దామని లేవబోయాను. నూకమ్మే వచ్చింది. రోడ్డు దాటి వచ్చి నా ఎదురుగా నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"నువ్వేనా రాసింది?"

"నేనేనప్పా."

"ఎందుకు?"

"బూట్లు తడిసిపోయాయి."

"నా బండి తియ్యమని రాసినావేటి?"

"లేదప్పా. ఇసుక గురించే రాశాను. చివర్లో ఊరికే ఒక వాక్యం... అందంగా ఉంటుందని..."

"మరి నోటీసొచ్చిన్నాడే ఎందుకు సెప్పలేదు?"

"తిడతావని."

ఆవిడ మోకాళ్లు పట్టుకుని నా పక్కన కూలబడింది.

"తిట్టీదాన్నిరా. కడుపునిండా తిట్టీదాన్ని. తిట్టి నాలుగిడ్లీలు ఎట్టీదాన్ని. ఇద్దరం కలిసి ఆపీసుకి ఎల్లీవోలం, నువ్వు ఈ కాయితమే ఆ దినమే రాసిచ్చీవోడివి. అంతేగదా! ఒక్క మాట సెప్పడానికి బయిపడి సచ్చిపోడానికి కూకున్నావేట్రా? నీకేటైనా అయితే? నా తిట్టు తినడం కంటే సావడం సులువైపోయిందేట్రా నీకు?"

కొంగుతో ముక్కు తుడుచుకుంది. నేను ఏడ్చేశాను. ఈసారి ఆకలి వల్ల అని ఆవిడ అనుకోలేదు.

లేచి వెళ్లి ప్లేటు తెచ్చింది. మూడ్రోజుల ఎండు పేగులకి కారం పడదని, రెండిడ్లీలు వేణ్ణీళ్లలో ఉప్పేసి మెత్తగా చిదిపి, నా చేతికి ఇవ్వకుండా తనే కలిపి ముద్ద చేసి నోట్లో పెట్టింది. అది నోట్లో ఉండగానే మొదలుపెట్టింది. నా చెయ్యినీ, నా కలాన్నీ, నా చేతిరాతనీ, నా బూట్లనీ, ఆ బూట్లు అమ్మిన కొట్టువాణ్ణీ, నాకు చదువు చెప్పిన మేష్టర్నీ వరసగా తిట్టింది. జవాబు చెబుదామంటే నోరు ఖాళీ లేదు. అయిదింటి సైకిళ్లవాళ్లు ఆగి చూస్తున్నారు. నేను తల వంచుకుని మింగుతున్నాను.

ప్లేటు ఖాళీ అయ్యేసరికి ఆవిడ ఇంకా మా మేష్టరు దగ్గరే ఉంది. కింద పెట్టిన ప్లేటు ధనమ్మ తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇంకో రెండెయ్యొదినా, నీ తిట్లింకా అవనేదు."